ఆన్ మోబ్రే: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. 1964 డిసెంబరులో లండన్ నగరపు తూర్పు భాగంలో, ఒకప్పుడు సెయింట్ క్లేర్ సన్యాసినుల మఠం ఉన్న చోట, కొత్త కట్టడం కోసం నేల తవ్వుతున్న పనివాళ్ళకు భూమి లోపల మూసి ఉన్న చిన్న అర ఒకటి, అందులో ఒక సీసపు శవపేటిక కనిపించాయి. ఆ పేటిక ఒక పిల్లకు సరిపోయేంతే ఉంది. దానితో ఉన్న పలక మీద లాటిన్ భాషలో చెక్కిన మాటలు చదివినవారికి, లోపల ఉన్నది 1481 నవంబరు 19న గ్రీనిచ్‌లో చనిపోయిన ఆన్, యార్క్ డచెస్ (అంటే డ్యూక్ అనే పెద్ద ప్రభువు భార్య) అని తెలిసింది. చనిపోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు నిండలేదు. ఆ పిల్ల గురించే ఈ ఉత్తరం.

ఆన్ 1472 డిసెంబరు 10న ఇంగ్లండులోని సఫక్ ప్రాంతంలో ఉన్న ఫ్రామ్లింగమ్ కోటలో పుట్టింది. తండ్రి జాన్ మోబ్రే నార్ఫక్‌కు నాలుగవ డ్యూక్; తల్లి ఎలిజబెత్ టాల్బట్. ఆ దంపతులకు ఆమె ఒక్కతే సంతానం. 1476 జనవరిలో తండ్రి ముప్ఫై ఒక్క ఏళ్ళకే హఠాత్తుగా పోయాడు. అప్పటికి ఆన్‌కు మూడేళ్ళు.

ఆ కాలపు ఇంగ్లండు చట్టం కొంచెం తెలిస్తే తప్ప ఆ తరువాత జరిగినది అర్థం కాదు. కొడుకు ఉంటే భూములన్నీ పెద్ద కొడుకువి. కొడుకులు లేక కూతుళ్ళు మాత్రమే ఉంటే వారు సమానంగా పంచుకుంటారు. ఒక్కతే కూతురైతే అంతా ఆమెదే. కాబట్టి నార్ఫక్, సఫక్, ససెక్స్ మొదలైన చోట్ల మోబ్రేలకున్న కోటలకు, గ్రామాలకు మూడేళ్ళ పాప వారసురాలైంది. అయితే రాజు నుండి నేరుగా భూమి పొందిన ప్రభువు చనిపోయి, వారసులు మైనర్లయితే, ఆ పిల్లల సంరక్షణ హక్కు, వారి పెళ్ళి నిర్ణయించే హక్కు రాజుకు దక్కేవి. ఆ హక్కును అమ్ముకోవచ్చు, ఎవరికైనా బహుమతిగా ఇవ్వవచ్చు. పిల్ల మీద ప్రేమకు ఆ చట్టంలో చోటు లేదు.

రాజు నాలుగవ ఎడ్వర్డ్‌కు అప్పటికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి సింహాసనం ఉంది. చిన్నవాడు, యార్క్ డ్యూక్ రిచర్డ్‌కు ఆస్తి చూపించాలి. తన ఖజానా తరిగిపోకుండా అది సమకూర్చడానికి ఆన్‌తో పెళ్ళి ఆయనకు దారి చూపింది. 1478 జనవరి 15న వెస్ట్‌మిన్‌స్టర్ రాజభవనంలోని సెయింట్ స్టీఫెన్ ప్రార్థనాలయంలో పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురికి ఐదేళ్ళు, పెళ్ళికొడుకుకు నాలుగు. ఆన్ ముత్తవ్వ, రిచర్డ్ నాయనమ్మ అక్కచెల్లెళ్ళు. మన ఇళ్ళలో మేనరికాలు మామూలే కనుక ఇది మీకు వింతగా తోచదు. కానీ ఆనాటి చర్చి ఇంతకన్నా దూరపు చుట్టాల మధ్య కూడా పెళ్ళిని నిషేధించింది. అందుకని ముందే చర్చి అధిపతి అయిన పోప్ అనుమతి తెప్పించి ఉంచారు. పెళ్ళికొడుకు పినతండ్రి, గ్లాస్టర్ డ్యూక్ రిచర్డ్, చేరిన జనం మీదికి బంగారు, వెండి నాణేలు చల్లాడు. ఈ పినతండ్రిని గుర్తుంచుకోండి.

చర్చి చట్టం ప్రకారం ఆడపిల్లకు పన్నెండు, మగపిల్లవాడికి పద్నాలుగు ఏళ్ళు వస్తేగాని అటువంటి పెళ్ళి పూర్తిగా కట్టుబడి ఉండేది కాదు. ఆ వయసు వచ్చాక కాదనే హక్కు పిల్లలకు ఉంది. ఆన్‌కు ఆ వయసు రానేలేదు. ఆమెను వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో, సెయింట్ ఎరాస్మస్ పేరిట ఉన్న చిన్న ప్రార్థనాలయంలో సమాధి చేశారు.

పిల్లలు లేకుండా ఆమె చనిపోయింది కనుక, వారసత్వ నియమం ప్రకారం భూములు ఆమె తాతగారి మేనత్తల కొడుకులైన జాన్ హోవర్డ్, విలియమ్ బర్క్‌లీలకు చేరాలి. ఎడ్వర్డ్ ఊరుకోలేదు. 1483 జనవరిలో పార్లమెంటు చేత చట్టం చేయించి ఆ ఆస్తిని తన కొడుకు దగ్గరే నిలిపాడు. నా దృష్టిలో ఇది పచ్చి అన్యాయం. చట్టాన్ని కాపాడవలసినవాడే చట్టాన్ని తన ఇంటివైపు తిప్పుకున్నాడు. ఏప్రిల్‌లో ఎడ్వర్డ్ మరణించాడు. పన్నెండేళ్ళ పెద్ద కొడుకును పక్కకు నెట్టి, పెళ్ళిలో నాణేలు చల్లిన ఆ పినతండ్రే మూడవ రిచర్డ్ పేరుతో రాజయ్యాడు. జూన్ 28న ఆయన జాన్ హోవర్డ్‌ను నార్ఫక్ డ్యూక్‌ను చేశాడు. లండన్ టవర్ అనే కోటలో ఉన్న అన్నదమ్ములిద్దరూ, అంటే చిన్నారి రాజూ, ఆన్ భర్తా, ఆ ఏడాది తరువాత ఎవరికీ కనిపించలేదు.

ఆన్‌కు సమాధిలో కూడా స్థిరమైన చోటు దొరకలేదు. మూడవ రిచర్డ్ తరువాత రాజైన ఏడవ హెన్రీ కొత్త ప్రార్థనాలయం కట్టించడానికి సెయింట్ ఎరాస్మస్ ప్రార్థనాలయాన్ని పడగొట్టినప్పుడు ఆమె పేటికను అక్కడి నుండి తీసి, నేను మొదట చెప్పిన సన్యాసినుల మఠానికి చేర్చారు. భర్తనూ, కూతురినీ పోగొట్టుకున్న తల్లి ఎలిజబెత్ తన చివరి సంవత్సరాలు గడిపింది ఆ మఠం ఆవరణలోనే. ఈ కథలో నా మనసు ఎక్కువసేపు ఆగే చోటు ఇదే.

పలక మీది మాటలను మళ్ళీ తలచుకుంటాను. ఆమె ఎవరి కూతురో, ఆ తండ్రికి ఏయే బిరుదులున్నాయో, ఎవరి భార్యో, ఆ భర్త ఏ రాజు రెండవ కొడుకో వరుసగా చెక్కారు. ఆమె స్వయంగా పలికిన మాట ఒక్కటీ ఏ కాగితం మీదా మిగలలేదు. పేటిక తెరిచిన శాస్త్రజ్ఞులకు మాత్రం, ఐదు వందల ఏళ్ళకు దగ్గరైనా చెడిపోకుండా మిగిలిన ఆమె ఎర్రటి జుట్టు కనిపించింది. ఆమె గురించి, ఆమె ఆస్తి గురించి కాక, మనకు తెలిసిన కొద్ది విషయాలలో అది ఒకటి. 1965 మే నెలలో ఆమెను తిరిగి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో సమాధి చేశారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ