‘ఎలిఫెంట్ మ్యాన్’ ఆట, ఫ్లోరైడ్ బాధితుల వేదిక: గొడవ వెనక కథ

ఒంగోలులో ‘ది ఎలిఫెంట్ మ్యాన్’ సినిమా వేస్తున్న మిత్రులు, ఆటకు ముందు తాగునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ల నుంచి కొందరు బాధితులను పిలిచి శాలువాలు కప్పుతామని కరపత్రంలో రాశారు. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది. మా పెద్దవాళ్లను స్టేజీ ఎక్కించి వింతగా చూపిస్తారా అని వాళ్ల పిల్లలు అడుగుతున్నారు. జనం కళ్లతో చూడకపోతే సమస్యను ఎవరు పట్టించుకుంటారని నిర్వాహకులు అంటున్నారు.

డేవిడ్ లించ్ 1980లో తీసిన ఆ బ్లాక్ అండ్ వైట్ సినిమా కథ మళ్లీ చెప్పనక్కర్లేదు. వికృతంగా పెరిగిన ఒళ్లున్న ఒక మనిషి, అతన్ని కొట్టి ఆడించే తాగుబోతు, కాపాడే డాక్టరు. ఇప్పటి గొడవకు కావాల్సినవి మాత్రం 1884 చివరి నెలలు. సినిమా వాటిని దాదాపు తిరగేసి చూపించింది.

అసలు మనిషి పేరు జోసెఫ్ మెరిక్. ఇంగ్లండ్‌లోని లెస్టర్ పట్టణంలో నిరుపేదల ఆశ్రమంలో ఏళ్లు గడిపాడు. అక్కడి బతుకు భరించలేక, నన్ను ప్రదర్శనకు పెట్టుకోండి అని ఒక మ్యూజిక్ హాల్ యజమానికి తనే ఉత్తరం రాశాడు. అలా లండన్‌లో టికెట్ పెట్టి వింతలు చూపించే టామ్ నార్మన్ చేతికి వచ్చాడు. వచ్చిన డబ్బులో సగం మెరిక్‌దేనని నార్మన్ చెప్పుకున్నాడు. మెరిక్ 50 పౌన్ల దాకా వెనకేసుకున్నాడు కూడా. తర్వాత బెల్జియంలో ఆ సొమ్ము ఎత్తుకుపోయింది నార్మన్ కాదు, అక్కడ తిప్పిన వేరే మేనేజరు.

నార్మన్ షాపుకు ఎదురుగానే లండన్ ఆసుపత్రి. అక్కడి సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ మెరిక్‌ను రోడ్డు దాటించి తీసుకెళ్లి పరీక్షించాడు, ఫొటోలు తీయించాడు, 1884 డిసెంబర్‌లో వైద్యుల సంఘం ముందు నిలబెట్టాడు. ఆ తర్వాత మెరిక్ ఇక రానన్నాడు. బట్టలు విప్పించి నిలబెడితే సంతలో పశువులా అనిపించిందని తనతో చెప్పినట్టు నార్మన్ రాశాడు. సినిమాలో నేను జంతువును కాదు, మనిషినని అరిచేది రైల్వే స్టేషన్‌లో, వెంటపడిన జనం మీద. నార్మన్ మాట నిజమైతే ఆ బాధ ముందు కలిగింది డాక్టర్ల గదిలో. టికెట్ పెట్టి చూపించిన చోట సగం వాటా ఉంది, వద్దనే హక్కూ ఉంది. శాస్త్రం పేరుతో చూపించిన చోట ఆ వాటా లేదు.

ట్రీవ్స్ చేసిన మేలు కాదనలేం. 1886లో దిక్కులేక తిరిగొచ్చిన మెరిక్‌కు ఆసుపత్రిలోనే గదులు ఇప్పించాడు. ఆసుపత్రి అధ్యక్షుడు టైమ్స్ పత్రికకు ఉత్తరం రాస్తే విరాళాలు వచ్చాయి. 1890లో, 27 ఏళ్లకే చనిపోయేదాకా మెరిక్ అక్కడే ఉన్నాడు.

చిక్కల్లా 1923లో వచ్చింది. ఆ ఏడు అచ్చైన ట్రీవ్స్ జ్ఞాపకాల్లో జోసెఫ్ కాస్తా ‘జాన్’ అయ్యాడు, నార్మన్ రాక్షసుడయ్యాడు. సినిమా నడిచింది ఆ దారిలోనే. నార్మన్ జ్ఞాపకాలు పుస్తకంగా బయటికొచ్చింది 1985లో, సినిమా వచ్చిన ఐదేళ్లకు. మెరిక్ అస్థిపంజరం ఇంకా లండన్‌లోని వైద్య కళాశాలలోనే ఉంది. లెస్టర్‌లో పాతిపెట్టండని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. సినిమా అతను పడుకుని కన్నుమూయడంతో ముగుస్తుంది కాబట్టి ఎముకల సంగతి అందులో రాదు.

ఇక మన సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు, ఉందని డాక్టర్లు 1937లోనే రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడ బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయాయి, మోకాళ్లు వంకర తిరిగాయి. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటివాళ్లు వెనకాడతారు. కృష్ణా నీళ్లు తెస్తామని 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అప్పట్నుంచి మీటింగులు చాలా జరిగాయి. వంగిపోయిన మనిషిని కెమెరా ముందు నిలబెట్టడం, ఒక దండ, ఒక ఫొటో, తర్వాత బస్సెక్కించి పంపడం. ఛార్జీలు కూడా చాలాసార్లు వాళ్లవే.

నిర్వాహకుల ఉద్దేశం చెడ్డదని ఎవరూ అనడం లేదు. ట్రీవ్స్ ఉద్దేశమూ చెడ్డది కాదు. స్టేజీ ఎక్కుతామంటున్న బాధితులు కూడా కొందరున్నారు, అయితే వాళ్లు షరతులు పెట్టారు: కూలి పోయిన రోజుకు డబ్బివ్వాలి, ఫొటో తీసేముందు అడగాలి, శాలువా వద్దు, మైకు ఇవ్వాలి. కరపత్రంలో వక్తల జాబితా ఉంది. అందులో వాళ్ల పేర్లు ఇంకా చేర్చలేదు.