అంత ఎత్తున వెళ్లిన బంతి లోపలే ఎందుకు పడుతుంది?

2025 జూన్ 8న పారిస్‌లో రోలాండ్ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్) పురుషుల ఫైనల్ 5 గంటల 29 నిమిషాలు సాగింది. ఆ టోర్నీ చరిత్రలో అంతసేపు నడిచిన ఫైనల్ మరొకటి లేదు. నాలుగో సెట్‌లో యానిక్ సిన్నర్ 5-3తో ముందున్నాడు. కార్లోస్ అల్కరాజ్ తన సర్వీసులో 0-40తో వెనకబడ్డాడు. సిన్నర్‌కి ఒక్క పాయింటు వస్తే చాలు, ట్రోఫీ అతనిదే. అల్కరాజ్ ఆ మూడు పాయింట్లూ కాచుకుని 4-6, 6-7, 6-4, 7-6, 7-6తో గెలిచాడు. ఆ తర్వాత అందరూ అతని గుండె ధైర్యం గురించే రాశారు. ఒక పాఠకురాలు మాత్రం వేరే ప్రశ్న వేశారు: "నెట్ మీద మనిషి ఎత్తులో వెళ్లిన బంతి, అంత బలంగా కొట్టాక కూడా, బయటికి పోకుండా గీత లోపలే ఎలా పడుతోంది?" ఈ మ్యాచ్ గురించి నేను విన్న ప్రశ్నల్లో ఇదే గొప్పది.

జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే టాప్‌స్పిన్, అంటే బంతి పైభాగం ముందుకు దొర్లేలా తిప్పి కొట్టడం. కానీ ఆ మాట దగ్గర ఆగిపోతే అసలు అందం చూడకుండానే వెళ్లిపోయినట్టు. కాస్త లెక్క వేద్దాం.

టెన్నిస్ బంతి బరువు దాదాపు 57 గ్రాములు, వ్యాసం 6.6 సెంటీమీటర్లు. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ వెళ్తోందనుకోండి. ఈ తరం మేటి ఆటగాళ్ల ఫోర్‌హ్యాండ్‌కి ఇది మామూలు సంగతే. అంటే సెకనుకు 50 చుట్లు. ఈ తిరుగుడు వల్ల గాలి ఆ బంతిని కిందికి నొక్కే బలం, బంతి బరువులో సుమారు మూడింట రెండు వంతులు వస్తుంది. భూమి లాగే బలానికి ఇది అదనం. మన భూమి మీదే ఆడుతున్నా, ఆ బంతికి మాత్రం గురుత్వాకర్షణ ఒకటిన్నర రెట్లకు పైగా ఉన్నట్టే. గాలి దాన్ని వెనక్కి లాగే బలం ఇంకా ఎక్కువ, బంతి బరువుకు దాదాపు రెండింతలు. టెన్నిస్ బంతిని నడిపించేది భూమి కంటే గాలే అని నేను అనేది ఇందుకే.

గాలి ఎందుకు కిందికి నొక్కుతుంది? మన పాఠ్యపుస్తకాల్లో దీనికి బెర్నూలీ పేరు చెప్పి, పైన వేగం తక్కువ కాబట్టి పీడనం ఎక్కువ అని రెండు ముక్కల్లో ముగిస్తారు. పిల్లలు అది బట్టీ పట్టి రాస్తారు, కళ్ల ముందు ఏ బొమ్మా కనపడదు. ఇలా చెప్తే బాగా అర్థమవుతుంది. టాప్‌స్పిన్ బంతి పైభాగం ముందుకు, అంటే ఎదురొచ్చే గాలికి ఎదురుగా కదులుతుంది. అక్కడ గాలి తొందరగా బంతిని వదిలేస్తుంది. అడుగుభాగం గాలితో పాటే వెనక్కి కదులుతుంది కాబట్టి అక్కడ గాలి ఇంకాస్తసేపు అంటుకుని, బంతి వంపు వెంట తిరిగి, వెనక వైపు పైకి చిమ్ముతుంది. బంతి గాలిని పైకి నెట్టింది కాబట్టి గాలి బంతిని కిందికి నెట్టింది. న్యూటన్ మూడో నియమం, అంతే. క్రికెట్‌లో మన స్పిన్నర్లు వేసిన బంతి బ్యాట్స్‌మన్ ముందు హఠాత్తుగా దిగడం కూడా ఇదే. టెన్నిస్ బంతి మీది ఉన్ని గాలిని బాగా పట్టుకుంటుంది, అది మరో మేలు.

న్యూటన్‌కి ఈ సంగతి తెలుసు! 1672లో అచ్చయిన, కాంతి గురించిన తన ప్రసిద్ధ లేఖలో, రాకెట్‌ను వాలుగా పెట్టి కొట్టిన టెన్నిస్ బంతి వంపు తిరగడం తాను చాలాసార్లు చూశానని రాశాడు. పట్టకం దాటిన కాంతి కిరణాలు కూడా అలా వంగుతున్నాయేమో అన్నది అతని సందేహం. అప్పటి టెన్నిస్ గోడల మధ్య, హాలులో ఆడే ఆట. 1852లో జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ ఫిరంగి గుళ్లు దారి తప్పడాన్ని పరిశోధించాడు, ఈ బలానికి అతని పేరే నిలిచింది. లార్డ్ రేలీ టెన్నిస్ బంతి వంకర ప్రయాణం మీద పరిశోధన పత్రం రాసింది 1877లో. తొలి వింబుల్డన్ జరిగిందీ ఆ ఏడాదే.

ఇక రాకెట్ దగ్గరికి వద్దాం. బంతి తీగల మీద ఉండేది సెకనులో వెయ్యోవంతులు ఓ అయిదు. ఆ కాసేపట్లో తిరగని బంతిని సెకనుకు 50 చుట్ల వేగానికి తీసుకెళ్లాలి. అంతలో బంతి నిజంగా తిరిగేది ఎనిమిదో వంతు చుట్టే. రాకెట్ ముఖం దాదాపు నిటారుగా ఉంటుంది, చెయ్యి మాత్రం కింది నుంచి పైకి దూసుకెళ్తుంది. తీగలు బంతి వీపును పైకి రాస్తాయి.

ఇక్కడే తీగల పదార్థం కథ మార్చేసింది. పశువుల పేగుతో చేసే పాత గట్ తీగల స్థానంలో పాలియెస్టర్ తీగలు వచ్చాయి. 1997లో ప్రపంచ 66వ ర్యాంకులో ఉన్న బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్టెన్ వాటితోనే రోలాండ్ గారోస్ గెలిచి అందరినీ నివ్వెరపరిచాడు. ఈ తీగలు గరుకుగా ఉండి బంతిని గీరుతాయని చాలామంది అనుకుంటారు. నిజం తలకిందులు. ఇవి నున్నగా జారతాయి. బంతి తగలగానే నిలువు తీగలు అడ్డ తీగల మీద జారి పక్కకు వంగుతాయి, బంతి వెళ్లేలోపే మీటిన వీణ తీగలా చప్పున వెనక్కి వస్తాయి. వస్తూ వస్తూ బంతికి ఇంకొంచెం తిరుగుడు ఇస్తాయి. ఇదే సూత్రాన్ని విపరీతానికి తీసుకెళ్లిన రెండు పొరల తీగల "స్పగెట్టి" రాకెట్‌తో 1977లో రొమేనియా ఆటగాడు నస్తాసే ఆడుతుంటే, ఆ ఏడాది రోలాండ్ గారోస్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచిన అర్జెంటీనా ఆటగాడు విలాస్ రెండు సెట్లు పోయాక విసుగెత్తి మ్యాచ్ వదిలేశాడు. ఆ రాకెట్‌ను నిషేధించారు.

ఇప్పటిదాకా చెప్పింది సగమే. మిగతా సగం బంతి నేల తాకాక మొదలవుతుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

టాప్‌స్పిన్ బంతి నేల తాకగానే వేగం పెంచుకుంటుందని కామెంటరీలో తరచూ వింటాం. పెంచుకోదు. మామూలు ర్యాలీలో ప్రతి బంతీ నేల మీద వేగం కోల్పోతుంది, టాప్‌స్పిన్ బంతి తక్కువ కోల్పోతుంది. ముందుకు సెకనుకు 20 మీటర్లతో వచ్చిన బంతిని రోలాండ్ గారోస్ ఎర్ర ఇటుక పొడి గట్టిగా పట్టుకుందనుకుందాం. తిరుగుడు లేకపోతే అది సుమారు 13 మీటర్లతో బయటపడుతుంది. సెకనుకు 50 చుట్ల టాప్‌స్పిన్ ఉంటే 16.5 మీటర్లతో వస్తుంది. పైగా నేల రాపిడి దాన్ని ఇంకా తిప్పుతుంది. నిమిషానికి 3000 చుట్లతో దిగిన బంతి 4500 దాటి లేస్తుంది.

ఎత్తు సంగతీ ఉంది. గాలి కిందికి నొక్కడం వల్ల బంతి నిటారుగా దిగుతుంది, నిటారుగా దిగింది కాబట్టి నిటారుగా లేస్తుంది. నెట్‌ను రాసుకుంటూ వచ్చిన తిన్నని బంతి నడుము దగ్గర ఆగితే, ఇది భుజం దాటుతుంది. ఇలా లేచే బంతిని తిరిగి టాప్‌స్పిన్‌తో కొట్టాలంటే అది తిరిగే దిక్కునే తారుమారు చెయ్యాలి. ముందు 4500 చుట్లను ఆపి, తర్వాత ఎదురు దిక్కులో 3000 చుట్లు తిప్పాలి, అదీ భుజం ఎత్తులో! స్లైస్, అంటే బంతిని కోసినట్టు కొట్టి వెనక్కి తిప్పే షాట్, ఆడేవారికి ఆ కష్టం లేదు, ఎందుకంటే స్లైస్‌లో బంతి తిరిగే దిక్కు మారదు. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ వాళ్లు ఇరుకున పడినప్పుడు స్లైస్‌లోకి పారిపోవడానికి కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది.

ఫెదరర్ పడిన బాధ అదే. ఎడమచేతి నడాల్ ఫోర్‌హ్యాండ్ ఏటవాలుగా వచ్చి సరిగ్గా ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్ భుజం దగ్గర లేచేది. రోలాండ్ గారోస్ ఫైనల్లో నాలుగుసార్లు తలపడితే నాలుగూ నడాలే గెలిచాడు. అక్కడ నడాల్ మొత్తం లెక్క 14 టైటిళ్లు, 112 గెలుపులు, 4 ఓటములు. ఈ మనిషి గురించి రాసేవాళ్లు నీళ్ల సీసాలు వరసగా పెట్టే అలవాటునీ, గీతలు తొక్కకపోవడాన్నీ సెంటిమెంటుగా తెగ వర్ణిస్తారు. ఆ సీసాలు ఎటు తిరిగి ఉన్నా బంతి భుజం మీదికే లేచేదని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. చివరికి ఫెదరర్ 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో దారి కనుక్కున్నాడు. పెద్ద తల ఉన్న రాకెట్‌తో, బంతి పూర్తిగా లేవకముందే ముందుకొచ్చి కొట్టాడు. అంటే భుజం ఎత్తును నడుము ఎత్తుకు దించుకున్నాడు.

కాబట్టి మట్టి కోర్టు మీద ఒక ఆటగాడి ఫామ్ తెలియాలంటే అతన్ని చూడకండి, అవతలివాణ్ణి చూడండి. అతను బంతిని ఏ ఎత్తులో కొడుతున్నాడు, బేస్‌లైన్‌కి, అంటే కోర్టు చివరి గీతకి, ఎంత వెనక నిలబడ్డాడు అన్నవి స్కోరుబోర్డు కంటే ముందే మాట్లాడతాయి. వాతావరణాన్నీ కలుపుకోవాలి. ఎండలో బంతి ఎగురుతుంది, చలిలో, తేమలో బద్ధకిస్తుంది. 2020లో ఆ టోర్నీ శరదృతువులో జరిగింది, నడాల్‌కి కష్టమే అనుకున్నారు. అయినా ఫైనల్లో జొకోవిచ్‌ను 6-0, 6-2, 7-5తో ఓడించాడు. స్పిన్ ఒక్కటే ఆట కాదని అందుకే ఒప్పుకోవాలి. పచ్చిక మీద లెక్క మళ్లీ వేరు. అక్కడ బంతి జారుతుంది, తక్కువ ఎత్తు లేస్తుంది. పారిస్ ఫైనల్ అయిన అయిదు వారాలకు వింబుల్డన్‌లో సిన్నర్ అదే అల్కరాజ్‌ను నాలుగు సెట్లలో ఓడించాడు.

నెట్ దాటగానే పడేలా మెల్లగా కొట్టే అల్కరాజ్ డ్రాప్ షాట్‌ను చాలామంది చిలిపితనంగా చూస్తారు. అది టాప్‌స్పిన్‌కి తోడబుట్టినది. భుజం మీదికి లేచే బంతులు అవతలివాణ్ణి బేస్‌లైన్‌కి నాలుగు మీటర్లు వెనక్కి నెట్టాక, సెకనుకు 20 చుట్లు వెనక్కి తిరిగే మెత్తని బంతి నెట్ అవతల నాలుగు మీటర్ల దూరంలో పడుతుంది. ఇప్పుడు మట్టి రాపిడి, వెనక్కి తిరుగుడు రెండూ కలిసి ముందుకు పోయే వేగాన్ని లాగేస్తాయి. సెకనుకు 6 మీటర్లతో వచ్చిన బంతికి రెండున్నర కూడా మిగలదు. రెండోసారి నేల తాకేలోపు అది ముందుకొచ్చేది రెండు మీటర్లే. సిన్నర్ పరుగెత్తాల్సింది పది మీటర్లు.