ఎండాకాలం పరుగు, అరవై దాటిన కాళ్లు: అపోహలు - వాస్తవాలు

ముప్పై ఏళ్లు పీఈటీగా పిల్లలను గ్రౌండ్ చుట్టూ తిప్పాను, రిటైరయ్యాక ఇప్పుడు నా ఈడు వాళ్లతో కలిసి నేనే తిరుగుతున్నాను. నాకు 63. మాది నల్లగొండ. పొద్దున ఐదింటికి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు వస్తే మా బ్యాచ్ కనిపిస్తుంది: 70 దాటిన ఆర్టీసీ డ్రైవరు సాబ్, బత్తాయి వ్యాపారం చేసే తమ్ముడు, నర్సుగా రిటైరైన పెద్దమ్మ (ఆమెను పెద్దమ్మ అంటే కోపమొస్తుంది, అయినా అందరం అట్లనే పిలుస్తాం), ఇంకో పది పన్నెండు మంది. మార్చి మొదలైందంటే చాలు, పరుగు కంటే ఎక్కువ మాటలే నడుస్తాయి, ఎండకు ఏం తినాలి, ఏం తాగాలి, ఏం చేయొద్దు అని తలా ఒక శాస్త్రం. అందులో సగం తప్పు. ఆ తప్పుల్లో కొన్ని నేనూ ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినవే.

అపోహ: "ఎండల పుట్టి ఎండల పెరిగినోళ్లం, మనకేం గాదు"

అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే, అందుకే ముందు పెట్టాను. మన జిల్లాలో మే నెలలో 45 దాటే రోజులుంటాయి, నిజమే, కానీ ఆ ఎండ తట్టుకునే శక్తి పుట్టుకతో వచ్చి ఒంట్లో ఉండిపోయేది కాదు. రోజూ కాసేపు వేడిలో శ్రమ చేస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది: రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. వేడికి దూరంగా ఉంటే మూడు నాలుగు వారాల్లో అదంతా పోతుంది. అంటే నిరుడు సంపాదించుకున్న అలవాటు చలికాలంలోనే ఖర్చయిపోయింది, ఈ ఏడు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

దీనికి వయసు కూడా తోడవుతుంది. మన ఈడుకు చెమట గ్రంథులు ఆలస్యంగా పని మొదలుపెడతాయి, పోసే చెమటా తక్కువే. వేడిని బయటికి పంపడానికి చర్మానికి వెళ్లే రక్తం తగ్గుతుంది. దాహం కూడా మందగిస్తుంది. చిన్నప్పుడు ఒళ్లు ముందే గంట కొట్టేది, ఇప్పుడు బండి స్టేషన్ దాటాక కొడుతుంది. రోజూ పరుగెత్తే వాళ్లకు ఈ తేడా కొంత తక్కువగా ఉంటుంది కానీ అసలు లేకుండా పోదు.

నా సంగతే చెప్తా. మూడేళ్ల కింద ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం ఊరి నుంచి పానగల్ వైపు ఉదయ సముద్రం చెరువు కట్ట మీదికి ఒక్కడినే పోయాను. దాహం లేదు కదా అని నీళ్లు తీసుకుపోలేదు. వచ్చేటప్పుడు పొద్దెక్కింది. ఆ దారిలో, గర్భగుడిలో రోజంతా నీడ పడే ఛాయా సోమేశ్వరుడికి తప్ప ఇంకెవరికీ నీడ లేదు. కాళ్లు బాగానే ఉన్నాయి, ఊపిరీ బాగానే ఉంది, ఉన్నట్టుండి ఏ దిక్కుకు పోతున్నానో అర్థం కాలేదు. రోజూ చూసే రోడ్డే. ఒక పాల బండి అబ్బాయి ఆపి "సార్, మీరు నాకు ఎయిత్‌ల పీఈటీ" అని కూర్చోబెట్టి నీళ్లు పోసేదాకా దాహం అనేదే తెలియలేదు.

అందుకని మా బ్యాచ్‌లో ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, అప్పటి నుంచి ఉగాది దాకా కొంచెం కొంచెంగా వేడికి అలవాటు పడతాం, మొదటి రెండు వారాలు దూరం సగం. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, దూరం పెంచే ప్రశ్నే లేదు. మృగశిర దాకా ఉన్నది నిలబెట్టుకుంటే చాలు.

అపోహ: జేబులో ఉల్లిగడ్డ ఉంటే వడదెబ్బ తగలదు

డ్రైవరు సాబ్ జేబులో ఇప్పటికీ ఉంటుంది. ఉల్లిగడ్డ వేడిని గుంజదు, జేబుకు వాసన మాత్రం పడుతుంది. అన్నంలో నంజుకుంటే రుచి, అంతే. వాసనతో కుక్కలు దగ్గరికి రావని సాబ్ ఇంకో ఉపయోగం చెప్తాడు, అది కూడా నిజం కాదు, నన్ను తరిమిన కుక్కలే ఆయననూ తరిమాయి.

అపోహ: చెమట పడుతుంటే వడదెబ్బ కాదు

ఇది మాత్రం నవ్వుకునే విషయం కాదు. వడదెబ్బ అంటే ఒళ్లు పొడిగా కాలిపోవాలని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. ఎండలో కూర్చున్న ముసలివాళ్లలో అట్లా ఉండొచ్చు, కానీ పరుగెత్తుతూ వడదెబ్బ తగిలిన మనిషి చాలాసార్లు చెమటతో తడిసి ఉంటాడు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటడం, మాట తీరు మారడం, ఈ రెండే గుర్తులు. లోపలి వేడిని రోడ్డు మీద కొలవలేం, కాబట్టి మాటనే చూడాలి. పేరు అడగండి, ఎక్కడున్నాడో అడగండి, తిక్కగా జవాబిస్తే, ఊరికే కోప్పడితే, తూలితే ఇంక అనుమానం అక్కర్లేదు.

రెండేళ్ల కింద ఏప్రిల్‌లో ఒక పది కిలోమీటర్ల పరుగుకు పోయాం. ఏ ఊరో, ఎవరు పెట్టారో చెప్పను. ఆరింటికి మొదలు అన్నారు. ముఖ్య అతిథి రాలేదని ఏడు ఇరవై దాకా నిలబెట్టారు, జుంబా ఆడించారు, ఉపన్యాసాలు ఇప్పించారు, ఎండ నెత్తి మీదికి వచ్చాక జెండా ఊపారు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర నా ఈడు మనిషి ఒకాయన రోడ్డుకు అడ్డంగా నడుస్తూ ఎవరినో తిడుతున్నాడు, బనీను పిండితే నీళ్లు కారేటట్టుంది. చుట్టూ ఉన్నవాళ్లు "చెమట వడ్తాంది గద, ఏంగాదు, గ్లూకోజ్ తాగిపిచ్చుర్రి" అంటున్నారు. పెద్దమ్మ నర్సు కదా, ఒక్క చూపుతో పట్టేసింది. నీడలోకి లాగి బనీను విప్పించి, నీళ్ల స్టాల్ దగ్గరి డ్రమ్ము తెప్పించి నెత్తి మీంచి కాళ్ల దాకా పోయించింది. తడి తువ్వాళ్లు మెడ మీద, చంకల్లో, గజ్జల్లో. నేనూ బత్తాయి తమ్ముడూ అట్టముక్కలతో విసురుతూనే ఉన్నాం. ఇంకొకరు 108కి ఫోన్ చేశారు. బండి వచ్చేసరికి ఆయన తన పేరు సరిగ్గా చెప్తున్నాడు.

ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం, ఇదీ వరుస. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగు తీస్తే దారిలో పోయే ఆ ఇరవై నిమిషాలే మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: ఎన్ని నీళ్లు తాగితే అంత మంచిది

మొన్నటిదాకా దాహం వెయ్యదు కాబట్టి తాగమని నేనే చెప్పాను, ఇప్పుడు ఎక్కువ తాగొద్దంటున్నాను, నన్ను తిట్టుకోండి. కానీ రెండూ నిజాలే. గంటల తరబడి నెమ్మదిగా పరుగెత్తుతూ, కనిపించిన ప్రతి స్టాల్ దగ్గర వట్టి నీళ్లు తాగితే రక్తంలో సోడియం, అంటే ఉప్పు భాగం, పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువుంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. అంటే చెమటగా పోయిన దానికంటే ఎక్కువ తాగినవాళ్లకు.

లెక్క తేల్చుకోవడం సులువు. పరుగుకు ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి తూకం చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో ఏమైనా తాగుంటే అది కూడా కలుపుకోవాలి. నేను 64 కిలోలు, మే నెలలో గంట పరుగెత్తితే 63 దగ్గరికి వస్తాను. బరువులో రెండు శాతం, అంటే నాకు కిలోంబావు, అంతకు మించి తగ్గకుండా చూసుకుంటాను, పెరగనే కూడదు. ఒక వారం ఇట్లా చూసుకుంటే మీ ఒంటి లెక్క మీకే తెలుస్తుంది, ఆ తర్వాత దాహంతో పని లేదు, గడియారం చూసి ఇరవై నిమిషాలకోసారి కొన్ని గుక్కలు తాగుతారు.

ఏం తాగాలి అంటే, గంట లోపైతే రంజన్ (మట్టి కుండ) నీళ్లు చాలు. అంతకు మించితే ఉప్పేసిన పలుచని మజ్జిగ, లేదా ఓఆర్‌ఎస్. మెడికల్ షాపులో దొరికే పొడి పాకెట్ లీటరు నీళ్లకు ఒకటి, అరలీటరులో కలిపి చిక్కగా తాగొద్దు. ఇంట్లో చేసుకుంటే లీటరుకు అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర, స్పూను తలకొట్టి కొలవాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మే తియ్యటి డబ్బాలు అసలు ఓఆర్‌ఎస్ కావు, ఫార్ములా పాటించని వాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశం కూడా ఇచ్చింది. బీపీకి, గుండెకు ఉప్పు తగ్గించమన్నవాళ్లు డాక్టరును అడిగాకే ఇవన్నీ.

కల్లు చలువ అంటారు. పొద్దున పరుగు అయ్యాక తాటివనం వైపు చూసే మిత్రులు మా బ్యాచ్‌లోనూ ఉన్నారు. పులిసిన కల్లులో ఆల్కహాల్ ఉంటుంది, అది మూత్రాన్ని పెంచుతుంది. ముంజలు తినండి, ఎవరూ వద్దనరు. వేడి మీద చల్లనీళ్లు తాగితే గుండె ఆగుతుందనేది కూడా ఉత్తదే.

అపోహ: పరుగెత్తితే మోకాలి గుజ్జు అరిగిపోతుంది

దీన్ని నమ్మి మానేసినవాళ్లు ఎంతమందో. 2017లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలో, సరదాగా, ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం, పోటీల కోసం తీవ్రంగా పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. అతి పనికిరాదు, అసలు లేకపోవడమూ పనికిరాదు. స్టాన్‌ఫర్డ్‌వాళ్లు 1984 నుంచి యాభై దాటిన రన్నర్లను, పరుగెత్తని వాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. పందొమ్మిదేళ్లకు రన్నర్లలో 15 శాతం, మిగతావాళ్లలో 34 శాతం చనిపోయారు. ముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పరుగుకు వస్తారు కదా అని మీరనొచ్చు, అది కొంత నిజమే. కానీ పరుగు ముంచుతుంది అనడానికి మాత్రం ఆధారం లేదు. ఇప్పటికే మోకాలు వాచి ఉన్నవాళ్లు ముందు చూపించుకోవాలి.

మోకాలు నొప్పికి ముందే ఒక గోళీ వేసుకుని పరుగుకు వచ్చే అలవాటు మాత్రం మానండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నీళ్లు తగ్గిన ఒంట్లో మూత్రపిండాల మీద పడతాయి. ఎండాకాలం, అరవై దాటిన ఒళ్లు, నొప్పి గోళీ, ఈ మూడూ ఒకచోట కలవకూడదు.

అపోహ: గుండె వేగం గురించి చేతి వాచీ చెప్పేదే నిజం

220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం అని నేనూ బోర్డు మీద రాసినవాడినే. దాని ప్రకారం నాది 157. 2001లో వచ్చిన ఇంకో సూత్రం, 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేసేది, పెద్దవాళ్లకు దానికంటే దగ్గరగా ఉంటుంది, దాని ప్రకారం 164. రెండూ సగటులే. పైగా ఎండలో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే గోళీ) వాడేవాళ్లకైతే వాచీ తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఒంట్లో నీరు బయటికి పంపే బీపీ గోళీ వేసుకునేవాళ్లు వేసవి మొదట్లోనే పరుగు సంగతి డాక్టరుకు చెప్పాలి, సొంతంగా మానేయకూడదు. వాచీ కంటే మాట నయం: పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే సరైన వేగం. చలికాలంలో నేను కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో పోతాను, మే నెలలో ఏడున్నర. సిగ్గేం లేదు.

అపోహ: రెక్సిన్ జాకెట్ వేసుకుని చెమట పట్టిస్తే కొవ్వు కరుగుతుంది

కరగదు. తగ్గింది నీళ్లు, రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తుంది. చల్లబరిచేది కారిపోయే చెమట కాదు, ఒంటి మీద ఆరిపోయే చెమట.

అపోహ: ఈ వయసులో రేసులెందుకు?

మాస్టర్స్ అథ్లెటిక్స్ 35 ఏళ్లకే మొదలవుతుంది, ఐదేళ్లకో గ్రూపు, అంటే 60 నిండగానే మీరు ఆ గ్రూపులో చిన్నవారు. ఫౌజా సింగ్ 89 ఏళ్లకు లండన్‌లో మొదటి మారథాన్ పరుగెత్తారు, 2011లో నూరేళ్ల వయసులో టొరంటోలో పూర్తి చేశారు. డ్రైవరు సాబ్‌కు ఈ కథ చెప్తే మే నెలలోనే 21 కిలోమీటర్లు పోతానన్నాడు. అది అక్టోబరులో టొరంటో సాబ్, మే నెలలో మిర్యాలగూడ కాదు అన్నాను. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది, పోయేవాళ్లు వేసవిలో వేగం కోసం కాదు, వారానికి నాలుగు రోజుల అలవాటు తప్పకుండా ఉండటం కోసం పరుగెత్తితే చాలు, జూన్ చివర్లో వానలు పడ్డాక దూరం పెంచుకోవచ్చు. రేసు రోజున మొదలు గంటకు పైగా ఆలస్యమైతే మానేసి ఇంటికి రండి, మెడల్ ఎక్కడికీ పోదు. గీత దాటాక ఠక్కున ఆగొద్దు, కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి, ఐదు నిమిషాలు నడవండి.

ఇంకొకటి, ఒక్కరే పోయేటప్పుడు జేబులో చీటీ పెట్టుకోండి: పేరు, బ్లడ్ గ్రూపు, వాడే గోళీలు, ఇంటి నంబరు. మా అందరి చీటీలు పెద్దమ్మే రాసి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇచ్చింది. ఆమె చీటీలో కొడుకు నంబరు కొట్టేసి మనవరాలి నంబరు రాసుంది, ఎందుకని అడిగితే, వాడు తొమ్మిదైతే గానీ ఫోన్ ఎత్తడు సార్ అంది.