కరివేపాకుకు చిల్లులు

నల్లగొండలో మా ఇంటి ముందు కుండీలో ఉన్న కరివేపాకు చెట్టుకు ఏటా వానాకాలం చిల్లులు పడతాయి. పక్కింటి పెద్దమ్మ చూసి ఊరుకోదు. "ఆకంత తినిపాయె, మందు కొట్టరాదు బిడ్డా" అంటుంది. తినేదెవరో చూపిస్తే మొదట నమ్మలేదు. ఆకు మీద పిట్ట రెట్ట పడ్డట్టు ఉందంతే. అది సీతాకోకచిలుక పిల్ల. రెట్టను ఏ పిట్టా ముక్కుతో పొడవదు కాబట్టి చిన్నప్పుడు ఆ వేషం. పెరిగాక ఆకుపచ్చ రంగుకు మారుతుంది. పుల్లతో తాకి చూడండి, తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికొస్తాయి, ఘాటైన వాసనతో సహా.

నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు ఒకే కుటుంబం. ఈ పురుగు బతుకంతా ఆ కుటుంబం ఆకుల మీదే. మన జిల్లా బత్తాయికి పేరున్న జిల్లా. లేత మొక్కలను పురుగు బోడి చేస్తుంటే రైతు మందు కొడతాడు, ఆయన్ను తప్పు పట్టను. కుండీలో చెట్టుకు ఆ లెక్క లేదు. చారులోకి నాలుగు రెబ్బలు నాకు దొరికితే చాలు, మిగతాది దానిది.

పిచ్చుకలు కనబడటం లేదని వరి కంకుల కుచ్చులు కడుతున్నాం, చెక్క గూళ్లు పెడుతున్నాం. మంచిదే. కానీ గింజలు తినేది పెద్ద పిచ్చుక. గూట్లో కళ్లు తెరవని పిల్లకు తల్లిదండ్రులు తెచ్చిపెట్టేది ఎక్కువగా మెత్తటి పురుగులే. ఇంతకీ ఆ పురుగులు ఎక్కడివి? మా కాలనీ రోడ్డు పక్కన వరసగా కోనోకార్పస్ ఉంది. తొందరగా పెరుగుతుంది, ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది. దాని ఆకుకు నేను ఒక్క చిల్లు చూడలేదు. పరాయి నేల చెట్టు, మన పురుగులకు దాని రుచి తెలియదు.

తంగేడు సంగతి వేరు. 2014లో దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, బతుకమ్మకు అది లేనిదే గడవదు. అయినా పెరట్లో పెట్టుకునేవాళ్లు తక్కువ, గుట్టల మీద దానంతటదే మొలిచేదని చిన్నచూపు కావచ్చు. ఆ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఉంటుంది, అదీ ఊరికే రాలదు. కేసరం కొసన సన్నటి రంధ్రం, లోపల పుప్పొడి, ఉప్పు డబ్బాలో ఉప్పులా. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒంటి కండరాలతో ఝుమ్మని అదురుతుంది. ఆ అదురుకు పుప్పొడి పొట్ట మీద చిమ్ముతుంది. మన తేనెటీగలకు ఈ విద్య రాదు. దగ్గర నిలబడితే ఆ ఝుంకారం మామూలుగా ఎగిరేటప్పటి చప్పుడు కన్నా కీచుగా వినబడుతుంది. తంగేడు ఆకు మీద పెరిగే లేతాకుపచ్చ పురుగులు తర్వాత తెల్లటి సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయి.

తుమ్మెదకు పువ్వుతో పాటు ఇల్లూ కావాలి. అది ఎండు మొద్దుల్లో, ఎండు వెదురులో తొలుచుకుని గుడ్లు పెడుతుంది. పెరడు శుభ్రం చేసే ఉత్సాహంలో మనం ముందు తగలబెట్టేవి అవే. నేను ఒక మునగ మొద్దును గోడ వారగా వదిలేశాను. చూడ్డానికి బాగుండదు, ఒప్పుకుంటాను.

పోయినేడు మా గల్లీ వాళ్లం గుట్ట దగ్గర ఎండిన తంగేడు కాయలు ఏరుకొచ్చాం. గింజ తొక్క గట్టిది కాబట్టి వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, తొలకరికి ఖాళీ ప్లాటు గట్టు మీద వేశాం. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు, కంచె ఖర్చు తప్పింది. ఈసారి మూడు మొక్కలే పూశాయి. పెద్దమ్మ చిన్న బతుకమ్మకు ఒక వరస వచ్చింది, మిగతా పూలు మార్కెట్లో కొన్నాం.