మందు కొట్టే ముందు పొడిని చూడండి

అల్మారా కిందో, కిటికీ అంచు మీదో సన్నటి పొడి రాలి కనిపిస్తే మనం మొదట చేసే పని చీపురు తీసుకుని ఊడ్చేయడం. ఆ తర్వాత ఏదో ఒక పురుగుమందు తెచ్చి కొట్టేస్తాం. రెండూ తొందరపాటు పనులే. ఆ పొడి మన చేతికి దొరికిన మొదటి సాక్ష్యం. చిటికెడు తీసి తెల్ల కాగితం మీద వేసి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే కర్ర లోపల ఉన్నది ఏ పురుగో చాలావరకు తెలిసిపోతుంది. అది తెలియాలి. ఎందుకంటే కర్రను పాడుచేసే పురుగులన్నీ ఒకేలా బతకవు. ఒకదాన్ని చంపే ఉపాయం ఇంకోదాని దరిదాపులకు కూడా వెళ్ళదు. మందు కొట్టించిన కొన్నాళ్ళకే మళ్ళీ పొడి రాలుతుంటే మందు కల్తీదని అనుకుంటాం. చాలాసార్లు అసలు లోపం పురుగును గుర్తించకపోవడంలో ఉంటుంది.

కాగితం మీది పొడి గసగసాలంత గుళికలుగా ఉండి, ఒక్కో గుళికకీ ఆరు పలకలు కనిపిస్తే అవి ఎండుకర్రలో బతికే చెదలు. వాటికి బయటి నుంచి నీళ్ళు అక్కర్లేదు. తిన్న కర్ర నుంచే తేమ పిండుకుంటాయి. పేగు చివర మలంలోని నీటినంతా పీల్చి గట్టిగా నొక్కేసరికి ఆ గుళికలు ఆరు పలకలుగా తయారవుతాయి. పొడి వేళ్ళ మధ్య రుద్దితే గరుకే తగలనంత మెత్తగా ఉండి, కర్ర మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే అది చిన్న పెంకుపురుగుల పని. రంపపు పొట్టులాంటి పీచుల్లో పురుగుల కాళ్ళు, తలలు కలిసి ఉంటే గండుచీమలు గూడు కట్టుకుంటున్నాయని అర్థం. అవి కర్రను తినవు, తవ్వి పారేస్తాయి, అదీ ఎక్కువగా నానిన కర్రని. పెద్ద నల్ల తుమ్మెదలు కూడా అంతే. దూలంలో వేలు పట్టేంత రంధ్రం చేసి లోపల గుడ్లు పెట్టుకుంటాయి గానీ కర్ర వాటికి తిండి కాదు.

పొడి అన్నది లేకుండా, గోడ మీద సన్నటి మట్టి గీతలు పైకి పాకుతూ కనిపిస్తే వచ్చినవి నేలచెదలు. ఎక్కువ నష్టం చేసేవి ఇవే. మందుల విషయంలో ఎక్కువ పొరపాట్లు జరిగేదీ వీటి దగ్గరే, అందుకే వీటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ప్రపంచంలో దాదాపు 3,000 చెద జాతులు ఉన్నాయి. ఇళ్ళకు చెప్పుకోదగ్గ నష్టం చేసేవి వాటిలో వంద లోపే. మిగతావి అడవుల్లో, మైదానాల్లో రాలిన ఆకునీ చచ్చిన మానునీ మట్టిలో కలిపే పనిలో ఉంటాయి. ఆ పని ఆగిపోతే నేల బలం తగ్గిపోతుంది. బొద్దింకలకు చెదలు దగ్గరి చుట్టాలని జన్యు పరిశోధనల్లో తేలింది. అందుకే ఇప్పుడు శాస్త్రవేత్తలు రెండింటినీ ఒకే వర్గంలో పెడుతున్నారు. చీమలతో పోలికే గానీ చుట్టరికం లేదు.

నేలచెదల్లో కర్రను కొరికేవి శ్రామిక చెదలు. చాలా జాతుల్లో వాటికి చూపు ఉండదు. చర్మం ఎంత పలచనంటే పొడిగాలి తగిలితే కొద్దిసేపట్లోనే ఎండి చచ్చిపోతాయి. మట్టినీ ఉమ్మినీ మలాన్నీ కలిపి గోడ మీద గొట్టం కట్టేది అందుకే. ఆ గొట్టంలో గాలి ఎప్పుడూ తేమగా ఉంటుంది. పుట్ట ఎక్కడో భూమిలో ఉంటుంది, తిండి మన ద్వారబంధంలో ఉంటుంది, రెండింటినీ కలిపే దారి ఆ గొట్టం. దారి తెగితే కర్రలో చిక్కుకున్న చెదలు తేమ అందక చచ్చిపోతాయి. అయితే గొట్టాన్ని చీపురుతో దులిపేస్తే సరిపోదు, పుట్ట నుంచి వచ్చే కొత్త చెదలు మళ్ళీ కట్టేస్తాయి. నా సలహా ఏమిటంటే, గొట్టంలో ఒక అంగుళం మాత్రమే విరగ్గొట్టి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో అది మళ్ళీ పూడుకుంటే లోపల రాకపోకలు ఉన్నట్టు. పూడుకోకపోతే ఆ దారిని ప్రస్తుతం వాడటం లేదని అనుకోవచ్చు, కానీ పక్కన ఇంకో దారి ఉందేమో వెతకాలి.

కర్రలో ఉండేది ఎక్కువగా సెల్యులోజ్ అనే పీచుపదార్థం. దాన్ని అరిగించుకోవడం చాలా జంతువులకు చేతకాదు. 1920ల్లో అమెరికా జీవశాస్త్రవేత్త ఎల్. ఆర్. క్లీవ్‌లండ్ ఒక ప్రయోగం చేశాడు. చెదలను ఎక్కువ ఆక్సిజన్‌లో ఉంచితే వాటి పేగుల్లో ఉండే ఏకకణ జీవులు చచ్చిపోయాయి, చెదలు మాత్రం బతికాయి. అవి ఎప్పటిలాగే కర్ర తింటూ పోయాయి. తింటూనే, కొన్ని వారాల్లో ఆకలితో చచ్చిపోయాయి. తిన్నది అరిగించే పని పేగులోని ఆ సూక్ష్మజీవులదని అలా తెలిసింది. చెదలు సొంతంగా కూడా కొంత సెల్యులోజ్‌ను విడగొట్టగలవని 1990ల్లో తేలింది. ఇంకా కొన్ని జాతులు పుట్టలో బూజును పెంచి, కర్రను అరిగించే పని దానికి అప్పగిస్తాయి.

ఈ సూక్ష్మజీవులు పుట్టుకతో రావు. చెదలు ఒకదాని నోటినుంచి, పేగునుంచి ఇంకొకటి తిండి అందుకుంటాయి, సూక్ష్మజీవులు కూడా ఆ తిండితోనే అందుతాయి. ఒక పురుగు తిన్నది గూడంతా పంచుకుంటుందన్నమాట. ఈ ఒక్క విషయం అర్థమైతే ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో మనమే చెప్పగలం.

కిరోసిన్ పోస్తే తడిసినవి చస్తాయి. అంతే. వాసన పోయాక కొత్తవి వస్తాయి, ఈలోగా ఇంట్లో నిప్పు ప్రమాదం కూడా. వేపనూనె వికర్షకంగా కొంతకాలం పనిచేస్తుంది, కానీ వెలుతురుకీ గాలికీ దాని బలం త్వరగా తగ్గిపోతుంది. తాకీ తాకగానే చంపే స్ప్రేలదీ అదే కథ. కనిపించిన పాతిక చస్తాయి, లక్షల్లో ఉన్న గూడుకి ఆ లోటు తెలియనే తెలియదు. అల్మారాలో నాఫ్తలీన్ గోళీలు వేస్తే చాలనుకునేవాళ్ళు చాలామంది. నేలచెదల్లో ఫార్మోసా చెద అనే జాతి తన గూట్లో తానే నాఫ్తలీన్ ఉంచుకుంటుందని 1998లో పరిశోధకులు కనుక్కున్నారు. చీమలను దూరంగా ఉంచడానికి ఆ వాసన దానికి పనికొస్తుంది. అలాంటి పురుగుని గోళీలతో బెదిరించలేం.

పనిచేసేవి నెమ్మదిగా చంపే మందులు. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మట్టిలో ఉన్నట్టు చెదలు పసిగట్టలేవు. వాటి గుండా నడిచి, ఒంటికి అంటించుకుని గూటికి వెళ్ళి ఇతర చెదలకు కూడా అంటిస్తాయి. ఎరల పద్ధతి ఇంకా తెలివైనది. పురుగు పెరగాలంటే కుబుసం విడవాలి, కొత్త చర్మానికి కైటిన్ అనే గట్టి పదార్థం కావాలి. హెక్సాఫ్లుమురాన్ లాంటి మందు ఆ కైటిన్ తయారీని అడ్డుకుంటుంది. దాన్ని కలిపిన సెల్యులోజ్ ఎరను ఇంటి చుట్టూ మట్టిలో పెడితే శ్రామిక చెదలు తిని, గూడంతా పంచుతాయి. కుబుసం విడిచే సమయం వచ్చినప్పుడు ఒక్కొక్కటీ చస్తుంది. దీనికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో చాలామంది టెన్షన్ పడి గొట్టాల మీద ఇంకో మందు కొట్టేస్తారు. అప్పుడు చెదలు ఆ దారినీ ఎరనూ వదిలేసి వెళ్ళిపోతాయి, చేసిన పనంతా వృథా. రాణిని వెతికి చంపితే సమస్య తీరుతుందన్న నమ్మకం కూడా సరికాదు. చాలా జాతుల్లో రాణి పోతే గూట్లోనే ఇంకొన్ని గుడ్లు పెట్టే ఆడపురుగులుగా మారతాయి.

ఒకప్పుడు క్లోర్డేన్, ఆల్డ్రిన్, డీల్డ్రిన్, హెప్టాక్లోర్ అనే పురుగుమందులు మట్టిలో పోసేవారు. దశాబ్దాల పాటు చెదలు రాకుండా పనిచేసేవి కూడా. దశాబ్దాల పాటు మట్టిలో ఉండటమే వాటి దోషం అయింది. నీళ్ళలోకి, చేపల్లోకి, మనుషుల కొవ్వులోకి చేరాయి. ఇలా ఏళ్ళ తరబడి నశించని విషాలను అరికట్టడానికి దేశాలు చేసుకున్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం తొలి జాబితాలోని 12 రసాయనాల్లో ఈ నాలుగూ ఉన్నాయి. పాత డబ్బా ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా దాన్ని ఇంట్లోకి రానివ్వకండి. కర్ర పోతే ఇంకో కర్ర తెచ్చుకోవచ్చు.

మందు లేకుండా ఆపే దారులూ ఉన్నాయి, నాకు వాటి మీదే ఎక్కువ నమ్మకం. 1950ల్లో అమెరికాలో ఒక చిన్న సంగతి గమనించారు. ఇసుక రేణువు చెద దవడతో కదిలించలేనంత పెద్దదిగా, రేణువుల మధ్య సందు దాని తల దూరనంత చిన్నదిగా ఉంటే చెదలు ఆ పొరను దాటలేవు. సుమారు రెండు మిల్లీమీటర్ల రాతి రేణువులు సరిగ్గా ఆ పని చేస్తాయి. సన్నటి రంధ్రాల స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడనూ పునాదుల్లో ఇలాగే వాడతారు. ఇల్లు కట్టేటప్పుడే చేయాల్సిన పనులివి. కట్టేసిన ఇంట్లోనైతే కర్ర ఎక్కడా నేరుగా మట్టికి తగలకుండా చూడాలి. నేలకీ కర్రకీ మధ్య కనీసం 15 సెంటీమీటర్ల గోడ కంటికి కనిపించేలా ఉంటే గొట్టం మొదలైనప్పుడే మన కళ్ళ పడుతుంది. అట్టపెట్టెలు గోడకు ఆనించి పేర్చకూడదు. కారే పైపును వాయిదా వేయకుండా బాగుచేయించాలి. బాత్రూమ్ గోడకు అవతలివైపున్న ద్వారబంధానికే చెదలు పట్టడం తరచుగా చూస్తాం. కారణం గోడలో ఊరే నీరే.

వానల తర్వాత దీపం చుట్టూ ఉసిళ్ళు మూగితే, అవి రెక్కలొచ్చిన చెదలు. బయటి నుంచి వచ్చినవైతే భయం లేదు. మూసిన గదిలో కిటికీ దగ్గర రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే మాత్రం గూడు ఇంటిలోపలే ఉందేమో చూడాలి. రెక్కల చీమలనూ చూసి కంగారుపడుతుంటారు. చెదకు నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము లావు. చీమకు ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం.

ఎండుకర్ర చెదలకు ఈ నేల కట్టడులేవీ వర్తించవు. గూడు మొత్తం ఒక కుర్చీలోనే ఉండొచ్చు, కుర్చీతో పాటు ఖండాలు దాటొచ్చు. కొనే పాత సామాన్లను తిరగేసి అడుగు చూడటం అందుకే ముఖ్యం. వీటిని చంపాలంటే మందు కర్ర లోపలి దాకా వెళ్ళాలి, లేదా వేడి వెళ్ళాలి. చెక్క పెట్టెలను, ప్యాలెట్లను దేశాలు దాటించడానికి అంతర్జాతీయ నియమం ఒకటుంది. కర్ర నడిభాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉండాలి. ప్యాలెట్ మీద హెచ్‌టి అన్న ముద్ర ఉంటే అలా వేడి చేశారని అర్థం. మంచాన్ని ఎండలో పడేస్తే ఇదే జరుగుతుందని అనుకోవద్దు. కర్ర వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు, పైభాగం కాలుతున్నా నడిభాగం చల్లగానే ఉంటుంది. చిన్న బొమ్మలూ పెట్టెలూ అయితే మ్యూజియంలు చేసినట్టు ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచవచ్చు. వేడైనా, చలైనా, విషవాయువైనా అప్పుడు లోపల ఉన్నవాటినే చంపుతుంది, రేపు కొత్తది రాకుండా ఆపదు.

పెంకుపురుగుల సంగతి వేరు. మెత్తటి పొడి రాల్చే రకానికి కావలసింది పిండిపదార్థం. అది చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు మోసిన పైభాగపు తెల్ల చెక్కలో ఉంటుంది. లోపలి చేవలో ఉండదు. పైగా చేవలో చెట్టు దాచుకున్న రసాయనాలు ఉంటాయి. టేకు చేవకు చెదలు భయపడటానికి టెక్టోక్వినోన్ అనే పదార్థం ఒక కారణం. టేకని పేరు చెప్పి తెల్ల చెక్క అమ్మితే ఆ రక్షణ ఏదీ ఉండదు. తక్కువ వయసులో కొట్టిన చెట్టులో తెల్ల చెక్కే ఎక్కువ. కాబట్టి పేరు కంటే రంగు చూసి కొనడం మేలు. వెదురును వారాల తరబడి నీళ్ళలో నానబెట్టేది కూడా అందులోని పిండిపదార్థం కరిగిపోవడానికే.

ఈ పురుగు గుడ్లు పెట్టేది కర్ర పైనున్న తెరిచిన రంధ్రాల్లో. వార్నిషో రంగో వేస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. చాలామంది అల్మారా ముందువైపు మెరిసేలా పాలిష్ చేయించి వెనకా అడుగునా వదిలేస్తారు. పురుగు అక్కడి నుంచే వస్తుంది. మనకు కనిపించే రంధ్రం లోపలికి వెళ్ళింది కాదు, ఏడాదో రెండేళ్ళో, కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువ కాలమో లోపల కర్ర తిని బయటికి ఎగిరిపోయిన పురుగుది. కాబట్టి రంధ్రం ఉంటే పురుగు ఉన్నట్టు కాదు. పాత రంధ్రాలను మైనంతో మూసి, కింద నల్ల కాగితం పరచి కొన్ని నెలలు చూడండి. కొత్త పొడి రాలకపోతే మందుతో పనే లేదు.

పని ఉంటే నేను మొదట చెప్పేది బోరాన్ లవణాలు. బోరిక్ యాసిడ్, బోరాక్స్ జాతికి చెందిన డైసోడియం ఆక్టాబొరేట్‌ను సుమారు 10 శాతం ద్రావణంగా కలిపి, రంగు గీకేసి బయటపెట్టిన కర్రకు రెండు పూతలు వేస్తారు. తేమతో పాటు అది లోపలికి పాకుతుంది, కర్ర తిన్న పురుగును చంపుతుంది. వాన తగిలే చోట కడుక్కుపోతుంది కాబట్టి పైన వార్నిష్ తప్పనిసరి. విషం తక్కువే గానీ పిల్లల చేతికి అందనివ్వకూడదు.

వాననూ మట్టినీ తట్టుకునే మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో శొంఠి కామేశం తయారుచేశారు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన ఆ మందు కర్రలో స్థిరపడిపోతుంది. ప్రపంచమంతా కరెంటు స్తంభాలకూ కంచెలకూ దశాబ్దాలు దాన్ని వాడింది. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ళ కర్రకు దాన్ని ఆపేశారు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కర్ర దొరికితే అది ఈ మందు పట్టినదై ఉండొచ్చు. దాన్ని పొయ్యిలో పెట్టకండి, బూడిదలో ఆర్సెనిక్ మిగులుతుంది.

ఇక తిన్నంత తినేసిన కర్ర సంగతి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, వేలితో తట్టి డొల్ల శబ్దం వస్తుందేమో వినండి. బరువు మోసే దూలంలో స్క్రూడ్రైవర్ సులువుగా దిగితే మందుతో ఆ బలం తిరిగి రాదు, దూలం మార్చాల్సిందే, అదీ ఇంజనీరుకు చూపించాకే. అల్మారా తలుపో చెక్కిన బొమ్మో అయితే పురుగు చచ్చిందని తేల్చుకున్నాక డొల్లలోకి ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పట్టించి నిలబెట్టుకోవచ్చు. ఈ వరస తప్పకూడదు. పురుగు బతికుండగా పైన పుట్టీ పూస్తే అది లోపల తింటూనే ఉంటుంది, మనకు దాని జాడ చెప్పే పొడి మాత్రం బయటికి రాదు.