గాలి ఆడని చోటే తుప్పు తింటుంది

అమెరికాలోని ఒహాయోలో ఉంటున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది. 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు కొని బాగుచేయించుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. ఊళ్లోనే ఒకటి అమ్మకానికి వచ్చింది. పెయింటు నిగనిగలాడుతోంది, తాళం తిప్పితే ఇంజను పలుకుతోంది. ఎడారి రాష్ట్రమైన ఆరిజోనాలో ఇంకొకటి ఉంది. దాని ఇంజను పట్టేసింది, సీట్లు చిరిగాయి, ఎండకు డ్యాష్‌బోర్డు బీటలు వారింది. ఏది తీసుకోవాలి?

నా ఓటు ఆరిజోనా కారుకే. 1964 ఏప్రిల్‌లో మార్కెట్లోకి వచ్చిన మస్టాంగ్‌లు రెండేళ్లు తిరక్కుండానే పది లక్షలు తయారయ్యాయి. అందుకే పిస్టన్ రింగుల నుంచి సీటు కవర్ల దాకా కొత్త విడిభాగాలు ఈరోజుకీ దొరుకుతున్నాయి. చేతిచమురు వదిలించేది బాడీ. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే చట్రం, ఉండదు. మడిచిన ఉక్కు రేకులను ఒకదానికొకటి స్పాట్ వెల్డింగ్ చేసిన (చుక్కలు చుక్కలుగా అతికిన) నిర్మాణమే బరువంతా మోస్తుంది. కాబట్టి చూడాల్సింది అతుకుల్ని.

బడిలో తుప్పు పాఠం మూడు పరీక్షనాళికలు, కొన్ని మేకులతో మొదలై అక్కడే ఆగిపోతుంది. నీరు, ఆక్సిజన్ రెండూ ఉంటేనే తుప్పు పడుతుందని తేలుతుంది. నిజమే. కానీ అది చదివిన పిల్లవాడు ఆక్సిజన్ ఎక్కువ తగిలే చోటే ఇనుము ఎక్కువ పోతుందనుకుంటాడు. జరిగేది తలకిందులు! అది చూపించడానికి ఒక్క చుక్క ఉప్పునీరు చాలు. ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

కేంబ్రిడ్జిలో తుప్పు మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ 1920ల్లో చేసి చూపించిన ప్రయోగం అది. శుభ్రంగా రుద్దిన ఇనుము మీద ఉప్పునీటి చుక్క వేస్తారు. ఆ నీటిలో ముందే క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ఫినాఫ్తలీన్, కరిగిన ఇనుము తగిలితే నీలానికి తిరిగే పొటాషియం ఫెర్రిసయనైడ్ కలుపుతారు. కాసేపటికి చుక్క అంచు గులాబీ రంగుకు, నడిమి భాగం నీలానికి తిరుగుతాయి. నీలం కనిపించిన చోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలేసి అయాన్లుగా నీటిలో కరుగుతోంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే అంచుకు చేరతాయి. అక్కడ గాలి నుంచి అందే ఆక్సిజన్ వాటిని తీసుకుంటే క్షారం పుడుతుంది, అదే గులాబీ రంగు. రెండింటి మధ్య గోధుమరంగు వలయంగా తుప్పు పేరుకుంటుంది. అంటే ఆక్సిజన్ ఒకచోట ఖర్చవుతుంటే ఇనుము ఇంకోచోట తరిగిపోతుంది, తుప్పు కనిపించేది మూడోచోట.

ఇప్పుడు రెండు రేకుల అతుకులోకి దూరిన నీటిని ఊహించండి. లోపలి ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది, బయట కావలసినంత ఉంటుంది. బయటి వెడల్పాటి రేకు ఎలక్ట్రాన్లు అడుగుతూనే ఉంటుంది, వాటిని ఇవ్వాల్సింది లోపలున్న సన్నని గీతంత ఇనుము. అందుకే దాడి అంత లోతుగా ఉంటుంది. పైగా లోపల పోగయ్యే ధన అయాన్లకు తూకంగా క్లోరైడ్ అయాన్లు చొరబడతాయి. ఐరన్ క్లోరైడ్ నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆమ్లం మరింత ఇనుమును కరిగిస్తుంది, దానికోసం మరింత క్లోరైడ్ వస్తుంది. ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకునే చర్య ఇది. చెదలు పట్టిన గుమ్మంలా పైన పెయింటు చెక్కుచెదరదు, లోపల ఏమీ మిగలదు.

ఒహాయోలో శీతాకాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరవుతుంది. వాన పడకపోయినా అతుకు తడిగానే ఉంటుందన్నమాట.

ఢిల్లీ మెహ్రౌలీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలిచింది కదా అని అడుగుతారు. దానికి వీపు ఆనించి చేతులు వెనక్కి చాచి కౌగిలిస్తే అదృష్టమని జనం నమ్మేవారు. మహిమంతా ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్‌ది, దానివల్ల ఏర్పడ్డ ఫాస్ఫేట్ పొరది. మస్టాంగ్ రేకులో అంత ఫాస్ఫరస్ ఉండదు.

ఈ కారులో నేను మొదట అనుమానించేది ముందు అద్దం కింద గాలి వెళ్లే జాలీలు. వాటి కింద రెండు రేకులు కలిసే తొట్టి ఉంటుంది. అందులో ఆకులు, మట్టి చేరి తడి ఆరదు. జాలీలో చెంబెడు నీళ్లు పోసి, టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద చూడండి. చుక్క పడితే కార్పెట్ ఎత్తించి నేల రేకు చూడాల్సిందే. ఆ తొట్టి బాగు చేయాలంటే అద్దం, మడ్‌గార్డులు విప్పి, స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి ఊడదీయాలి. తర్వాత గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల అడుగున, చక్రాల పైన ఆనించండి. పుట్టీ దట్టంగా మెత్తిన చోట అది పట్టుకోదు.

ఒహాయో కారును వదులుకునే ముందు మాత్రం బానెట్ ఎత్తి, డ్రైవరు వైపు మడ్‌గార్డు లోపలి రేకు మీద కొట్టిన గుర్తింపు సంఖ్య చదవండి. అందులో అయిదోది ఇంజను అక్షరం. టి అంటే ఆరు సిలిండర్లది. సి, ఎ అంటే 289 ఘనపు అంగుళాల వి8, అంటే ఎనిమిది సిలిండర్లది. కె ఉంటే అదే వి8లో 271 హార్స్‌పవర్ రకం. అవి తక్కువ, కోరేవాళ్లు ఎక్కువ. ఆ అక్షరం అసలుదేనని తేలితే, అతుకులు తినేసినా ఆ కారుకు డబ్బు పెట్టొచ్చు.