గంజాయి వల్లేనా డాక్టరుగారూ?

గుంటూరులోనైనా విజయవాడలోనైనా సైకియాట్రీ ఓపీ దగ్గర కాసేపు కూర్చుంటే ఈ ప్రశ్న చెవిన పడుతుంది. కొడుక్కి ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తుంటుంది, అన్నంలో విషం కలిపారంటాడు. సావాసాలు పట్టి గంజాయి మరిగాడు, అందుకే ఇలా అయ్యాడంటుంది తల్లి.

అనుమానం పాతదే. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన గంజాయి కమిషన్ పిచ్చాసుపత్రుల రికార్డులు తిరగేసింది. జబ్బుకి కారణం గంజాయి అని రాసిన చోట్ల చాలావరకు ఆధారం రోగిని తెచ్చిన పోలీసుల మాటే! 1987లో స్వీడన్ అధ్యయనం వచ్చాకే ఈ అనుమానానికి లెక్కలు దొరికాయి. సైన్యంలోకి తీసుకున్న 45,570 మంది కుర్రాళ్ళను 15 ఏళ్ళపాటు గమనిస్తే, అప్పటికే యాభైసార్లకు మించి గంజాయి తాగినవాళ్ళలో స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినబడి, లేనిపోని అనుమానాలు పట్టే ఈ జబ్బు, తాగనివాళ్ళకంటే ఆరు రెట్లు కనిపించింది. మిగతా కారణాలు లెక్కలోకి తీసుకుంటే తేడా తగ్గింది కానీ పోలేదు.

గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీని 1964లో విడదీశారు. అది మెదడులో అతుక్కునే చోటు, అంటే సీబీ1 రిసెప్టర్, 1988లో గానీ బయటపడలేదు. 1992లో ఆ రిసెప్టర్ కోసం మన మెదడే తయారుచేసుకునే పదార్థం దొరికింది. దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అవును, మన ఆనందమే.

చిక్కంతా ఆ తర్వాతే. 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులు చనిపోయిన స్కిజోఫ్రీనియా రోగుల మెదళ్ళు పరీక్షించారు. గంజాయి తాగినా తాగకపోయినా నుదుటి వెనక భాగంలో ఈ రిసెప్టర్లు ఎక్కువున్నాయన్నారు. 2008లో అమెరికాలో అదే ప్రాంతాన్ని మరో పద్ధతిలో చూసినవాళ్ళకి తక్కువ కనిపించాయి. బతికున్న రోగుల మెదడులో ఈ రిసెప్టర్లు ఎన్నున్నాయో చూపే పెట్ స్కాన్లలోనూ ఇదే గొడవ: మొదట్లో ఎక్కువ, 2016, 2019ల్లో తక్కువ.

తక్కువ అన్నవాళ్ళ ఊహే నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. మెదడుని అదుపులో ఉంచే గాబా అనే రసాయనం ఈ జబ్బులో సరిగా తయారుకాదు. సీబీ1 పని ఆ గాబా విడుదలకి బ్రేకు వేయడం. ఉన్న కాస్త గాబా అయినా బయటికి రావాలని మెదడు తన బ్రేకులు తనే తగ్గించుకుంటోందేమో. అలాంటివాడు గంజాయి తాగితే మిగిలిన బ్రేకులన్నీ ఒక్కసారే పడి, ఆ కాస్త గాబా కూడా ఆగిపోవచ్చు.

ఓపీలో ఈ రిసెప్టర్లను కొలిచే పరీక్ష లేదు, ఆ స్కాన్లు పరిశోధనకే. మాటలు వినబడటం ముందా, తాగడం ముందా అని డాక్టరు అడుగుతారు. రెండూ హాస్టల్లో ఉన్నప్పుడే మొదలై ఉంటాయి. తల్లి కొడుకు వైపు చూస్తుంది.